రేవు సందులో చారువాన

రెండో నెల వచ్చిందంటే రేవు సందులో పొద్దున్నే పలకరింపు ఒక్కటే. తిన్నావా అని కాదు, నిద్ర పట్టిందా అని కాదు. "మీకేం చారు పడింది?" అని.

థోవా అయితే నోట్లో బ్రష్షు ఉండగానే అడిగేస్తుంది. ఆ రోజూ అంతే. మందారపు కంచె మీదకి వంగి, నురగ తుడుచుకుంటూ పక్క పెరట్లో ఉన్న ఖాంగ్ తాతని కేకేసింది.

"బాబాయ్, మీకేం పడింది?"

ఖాంగ్ తాత ముక్కాలి పీట ఎక్కి సొరపాదు పందిరికి తాళ్ళు కడుతున్నాడు. ఆయనకి ఆ పాదు ఆరోప్రాణం. దాని గురించి మాట్లాడేటప్పుడు గొంతు కూడా తగ్గించేస్తాడు, తీగ వింటే గర్వం పెరుగుతుందని. ఆకు మీద నిలిచిన తుంపర చుక్కని వేలితో తీసి నాలిక్కి రాసుకుని, కళ్ళు మూసి ఒక్క క్షణం ఆలోచించాడు.

"గుమ్మడికాయ చారు. హైఫాంగ్‌లో మా పెద్దమ్మాయి రాత్రి పెట్టినట్టుంది. వేరుశనగపప్పు కూడా దంచి వేసింది. ఉప్పు సమంగా ఉంది. అచ్చం వాళ్ళమ్మ చెయ్యే."

"మీ పాదుకేం బాబాయ్, రాజభోగం. నా గతి చూడండి. హనోయ్‌లో మావాడు ఆ ప్యాకెట్ నూడుల్స్ తప్ప ఇంకోటి వండడు. పడిందే నాలుగు చుక్కలు, అదీ మసాలా పొడి! నా కొత్తిమీర మొహం ఎలా మాడ్చుకుందో చూడండి."

"పడ్డాయిగా నాలుగు చుక్కలు? వండుకునేటప్పుడు నిన్ను తలుచుకున్నాడు. అదే సంతోషించు."

"తలుచుకోమనే అంటున్నా. కాస్త కూర ముక్క వేసుకుని తలుచుకోవచ్చుగా!"

ఆ ఇద్దరి మాటల మధ్య నుంచి, రెండు చేతులా రెండు నీళ్ళ డబ్బాలు పట్టుకుని, రేవు మెట్లెక్కి వస్తోంది లుయెన్. థోవా టక్కున మాట మార్చేసింది. "ఏంటో, ఈ ఏడు చలి తొందరగా పోయినట్టుంది కదా అమ్మాయ్" అంది.

"అవును వదినా" అంది లుయెన్, డబ్బాలు దించకుండానే.

మాట ఎందుకు మార్చిందో చెప్పాలి. ఆ పక్క వసంతంలో పడే వాన పెద్ద వానేం కాదు. పిండి జల్లెడ పట్టినట్టు ఉంటుంది. గొడుగు వేస్తే నామోషీ, వెయ్యకపోతే తడి. దానికి మబ్బు కూడా అక్కర్లేదు. ఎక్కడో ఎవరో ఎవర్నో తలుచుకుంటూ పొయ్యి మీద చారు పెడతారు. ఆవిరి కిటికీలోంచి బయటపడి, ఏటి మీదుగా, వరిచేల మీదుగా దారి వెతుక్కుంటూ వెళ్ళి, ఆ తలుచుకున్న మనిషి పెరట్లో తుంపరై పడుతుంది. తలుచుకున్న మనిషి ఆ ఇంట్లోనే ఉంటే ఆవిరి ఎక్కడికీ పోదు. గదుల్లోనే తచ్చాడి నేలకీ గోడలకీ పట్టేస్తుంది. ఆ నెలంతా ఇళ్ళు చెమర్చడం అందుకే. వంటింట్లో కాలు జారి నడుం పట్టుకున్నవాళ్ళు కూడా ఆ మాట మూలుగుతూనే కాస్త గొప్పగా చెప్పుకుంటారు. ఇక పోయినవాళ్ళ కోసం పెట్టే తద్దినపు చారుంది చూశారూ, దాని ఆవిరి అటూ ఇటూ చూడదు. అగరొత్తి పొగలా నిలువునా పైకి పోతుంది. పోయిందంటే మళ్ళీ కిందకి రాదు. ఎండలు ముదిరాక ఆవిరికి ఈ ఓపికలేం ఉండవు, మామూలు ఆవిరిలాగే ఆరిపోతుంది. ఉన్నదంతా ఈ వసంతంలోనే.

అలాంటి నెలలో, సందు సందంతా చెమరుస్తుంటే, లుయెన్ ఇంట్లో నేల మాత్రం పొడిగా ఉండేది. దాంతో ఉతికిన బట్టలు ఎక్కడా ఆరక, సందులో ఆడవాళ్ళంతా బకెట్లు పట్టుకుని ఆ ఇంటికే వచ్చేవారు. "అమ్మాయ్, మావారి ప్యాంట్లు రెండు, ఇలా ఓ మూల వేసుకుంటా" అని ఒకరు, "పసివాడి గుడ్డలేనే, చోటేం పట్టవు" అని ఒకరు. గదికీ గదికీ మధ్య తాళ్ళు కట్టేశారు. పెద్దల పటాల ముందు అగరొత్తి వెలిగించాలంటే లుయెన్ అత్తగారు ఊళ్ళోవాళ్ళ లాగుల కింద నుంచి వంగి వెళ్ళాల్సి వచ్చేది. "ఈ వయసులో నాకు ఎవరెవరికో వంగి దణ్ణాలు పెట్టే యోగం పట్టింది" అని నవ్వేది ఆవిడ.

ఆవిడని అందరూ హియెప్ వాళ్ళమ్మ అనే పిలుస్తారు. అసలు పేరు ఆవిడకే గుర్తుందో లేదో. హియెప్ ఆవిడ కొడుకు, లుయెన్ మొగుడు. ఐదేళ్ళ కిందట ఎవరిదో పెద్ద పడవ మీద సముద్రం వేటకి కూలికి వెళ్ళాడు. గాలివాన వచ్చింది. పడవ తిరిగి రాలేదు. మనిషీ దొరకలేదు, చెక్క ముక్కా దొరకలేదు.

అప్పటినుంచి లుయెన్ చారు పెట్టడం మానేసింది. అన్నంలోకి చారు లేని భోజనం ఆ ఊళ్ళో ఎవరూ విని ఉండరు. ఆ ఇంట్లో మాత్రం అన్నం, వేయించిన చేప, ఇగిరించిన కూర, అంతే. ఎవరైనా అడిగితే "నాకు చారు పడదండీ, పొట్ట ఉబ్బరం" అనేది. పెళ్ళైన కొత్తలో ఆ పిల్ల కొర్రమేను, సోయకూర వేసి చారు పెడితే సందులోవాళ్ళు గిన్నెలు పట్టుకుని వరస కట్టిన సంగతి అందరికీ గుర్తే. అయినా "అవునవును, కొందరికి పడదు" అని తలూపేవారు.

సంగతి అందరికీ తెలుసు. లుయెన్ చారు పెడితే మొగుణ్ణి తలుచుకోకుండా పెట్టలేదు. తలుచుకుని పెడితే ఆవిరి చెప్పేస్తుంది. సముద్రం వైపు మళ్ళితే మనిషి ఉన్నట్టు. నిలువునా లేస్తే లేనట్టు. చారు పెట్టనంత కాలం హియెప్ పోయినట్టు కాదు. అందుకని కోడలు పెట్టదు. అత్తగారు అడగదు. అన్నం గొంతు దిగకపోతే ఆ ముసలావిడ చల్లారిన టీ నీళ్ళు పోసుకుని తినేది.

లుయెన్ మడి సంగతీ అంతే. పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు, ఆమెని తలుచుకుని చారు పెట్టేవాళ్ళు ఎక్కడా లేరు. చుట్టూ పెరళ్ళన్నీ మిలమిలా తడిసి ఉంటే, మధ్యలో ఆమె ఆవకూర మడి దుమ్ము రేగుతూ ఉండేది. పూటకోసారి ఏటి నుంచి నీళ్ళు మోసి పోసేది. దాని గురించి ఎవరూ ఒక్క మాట అనేవారు కాదు. మరీ అనాల్సి వస్తే ఖాంగ్ తాత "కలుపు బాగా తీశావమ్మాయ్" అనేవాడు.

ఇంకో మనిషి కూడా ఆ మడిని చూసేవాడు. ఏటి అవతలి గట్టున బాతులు పెంచే బాంగ్. నలభై దగ్గరపడినా పెళ్ళి కాలేదు. గుడ్ల గంపతో వారానికి రెండుసార్లు పడవలో ఏరు దాటి వచ్చేవాడు. అందరితోనూ బేరమాడేవాడు గానీ లుయెన్ ఎదురైతే ఉన్న నాలుగు మాటలూ ఏట్లో పడిపోయేవి. ఒకసారి రేవు మెట్ల మీద ఆమె కాళ్ళ దగ్గర ఒక బస్తా దించాడు.

"ఏంటిది?" అంది లుయెన్.

"బాతుల పెంటండీ... మీ ఆవకూరకి... బాగా మాగింది" అన్నాడు, మెడ దాకా ఎర్రబడిపోయి. గంప మర్చిపోయి పడవెక్కేశాడు.

ఇదంతా చూసిన థోవా ఆ మధ్యాహ్నమంతా నవ్వింది. "నాకు మావారు పెళ్ళికి ముందు పట్టు రుమాలు ఇచ్చారే. నీ రోజులు బాగున్నాయి, ఏకంగా బస్తా!"

"ఊరుకో వదినా, మడికి ఎరువు ఇచ్చాడు పాపం" అంది లుయెన్. ఆమె మనసులో అంతకు మించి ఏమీ లేదు. అందులో చోటు లేదు.

ఏటా ఈ రోజుల్లో హియెప్ వాళ్ళమ్మ ఒక మాట అడిగేది. పోయిన రోజు తెలియని మనిషికి, ఇల్లు దాటిన రోజే తద్దినం పెట్టడం ఆ ఊరి ఆచారం. హియెప్ గడప దాటింది రెండో నెల పౌర్ణమినాడు. "ఈ ఏడు వాడి పటం పెట్టేద్దామే" అనేది. "ఈసారికి వద్దు అత్తయ్యా" అనేది కోడలు. "సరే" అనేది ఆవిడ. అక్కడితో అయిపోయేది.

ఈ ఏడు ఆవిడ సరే అనలేదు.

"నాకు మోకాళ్ళు అరిగిపోయాయి లుయెన్. రేపు నేను పోతే నువ్వొక్కదానివీ ఈ పొడి ఇంట్లో ఊళ్ళోవాళ్ళ బట్టలు కాపలా కాస్తూ కూర్చుంటావా? వాడికి అన్నం పెట్టి సాగనంపుదాం. తర్వాత నీ దారి నువ్వు చూసుకో. నీకింకా వయసుంది."

"పౌర్ణమికి ఇంకా టైముందిగా. చెప్తాను" అంది లుయెన్, చేతిలో పని మీంచి తలెత్తకుండా.

సరిగ్గా ఆ మర్నాడు మధ్యాహ్నం ఆమె మడి మీద వాన పడింది.

ముందు చూసింది థోవా. తడి బట్టల బకెట్ అక్కడే పడేసి, "లుయెన్! ఒసే లుయెన్! నీకు పడిందే!" అని సందు అదిరేలా అరిచింది. లుయెన్ చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. ఆవకూర ఆకుల మీద సన్నటి తుంపర, ముత్యాలు దూసినట్టు. ఖాంగ్ తాత పీట దిగి వచ్చాడు. ముగ్గురూ మడి చుట్టూ గొంతుక్కూర్చుని తలో చుక్కా నాలిక మీద వేసుకున్నారు.

"నూల్‌కోల్ చారు" అన్నాడు తాత. "ముక్కలు లావుగా తరిగారు. సరిగ్గా ఉడకలేదు."

"ఉప్పేది బాబాయ్? బొత్తిగా చప్పిడి. ఉల్లికాడ లేదు, ఏం లేదు. ఇది ఆడమనిషి చెయ్యి కాదు, ఎవడో మగాడు..." అంటూ థోవా ఆగిపోయింది.

లుయెన్ ఇంకో చుక్క నాలిక మీద వేసుకుంది.

"ఆయనకి వంట రాదు" అంది లుయెన్ మెల్లిగా. "పెళ్ళైనప్పటి నుంచి పొయ్యి దగ్గరకి రానిచ్చిందాన్ని కాదు. రానివాళ్ళు వండితే ఇలాగే ఉంటుంది."

"సముద్రం మధ్య ఉన్నవాడికి ఉప్పు దొరకదంటావా?" అనేసింది థోవా. ఖాంగ్ తాత మోచేత్తో పొడిచాడు.

"చుట్టూ ఉప్పునీళ్ళే ఉంటే ఇంకా ఉప్పు మీద ఎవరికి మనసవుతుంది వదినా?"

ఆ జవాబుకి ఖాంగ్ తాత తలూపాడు. నిజమే అయ్యుండొచ్చు కూడా. ఏదో దీవిలో, కొబ్బరి మట్టల కింద, మూడు రాళ్ళ పొయ్యి మీద హియెప్ నూల్‌కోల్ ముక్కలు తిప్పుతున్నట్టు థోవాకి కూడా కళ్ళకి కట్టింది. దీవిలో నూల్‌కోల్ ఎలా పండిందో ఆవిడ అడగలేదు. అడగకూడదని ఆవిడకి కూడా తెలుసు.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం పడింది. లుయెన్ నీళ్ళ డబ్బాలు అటకెక్కించేసింది. దుమ్ము మడి కాస్తా వారం తిరక్కుండా పచ్చబడి, మూల ఎప్పుడో చల్లి మర్చిపోయిన సోయకూర మొలిచి గుబురుగా లేచింది. ఆమె నడకే మారింది. మెట్లు రెండేసి ఎక్కేది. కలుపు తీస్తూ కూనిరాగం తీసేది. తుంపర పడే వేళకి జడ విప్పుకుని మడి మధ్యలో నిలబడి, జుట్టంతా చప్పిడి చారు వాసనతో ఇంట్లోకి వచ్చేది.

"అత్తయ్యా, ఈ ఏడు కూడా తద్దినం వద్దు" అంది ఒక రోజు. "ఆయన వండుకుంటున్నారు. చూడండి, ఇవాళ ముక్కలు కాస్త చిన్నగా తరిగారు."

ఆకు మీద చుక్క తెచ్చి అత్తగారి ముందు పెట్టింది. ఆవిడ ఆకు అందుకుంది, చుక్క వైపు చూసింది. నాలిక మీద వేసుకోలేదు.

"ఊఁ" అంది. అంతే.

పౌర్ణమి దగ్గరపడుతుండగా, ఒక మధ్యాహ్నం రేవులో పడవ ఆగింది. అందులోంచి నల్ల గొడుగు, దాని కింద ఒక బక్కపలచటి ముసలావిడ దిగారు. మెట్లెక్కుతూనే కేకలు మొదలుపెట్టింది.

"ఈ సందులో ఎవరమ్మా నా చారు ఎత్తుకుపోతున్నది?"

థోవా కంచె దగ్గరకి వచ్చేసింది, ఇలాంటివి వదులుకునే మనిషి కాదు. "ఎవరు కావాలి పిన్నీ?"

"ఎవరో తెలిస్తే అరవడం దేనికి? బాతుల బాంగ్ లేడూ, వాళ్ళమ్మని. నాకు బీపీ. డాక్టరు ఉప్పు మానమన్నాడు. మావాడు నా కోసమని రోజూ ఉప్పు లేకుండా నూల్‌కోల్ చారు పెడతాడు. పెట్టేది నాకు, ఆవిరి పోయేది ఏటి ఇవతలికి! నా ఇంటి నేల చూస్తే బియ్యపు అప్పడాలు ఆరబెట్టుకోవచ్చు. ఇరుగుపొరుగు ఏమనుకుంటారు? కన్నతల్లిని కొడుకు పట్టించుకోడనేగా! వాణ్ణి అడిగితే 'బాతులకి మేత వెయ్యాలమ్మా' అని పారిపోతాడు. అందుకే ఇవాళ పొయ్యి మీద చారు ఉండగానే పడవెక్కి ఆవిరి వెనకాలే వచ్చా. ఇదిగో, ఇటే వచ్చింది."

తల పైకెత్తి, గాల్లో తెల్లటి పోగులా సాగుతున్న ఆవిరిని గొడుగు కొనతో చూపిస్తూ నడిచింది. ఖాంగ్ తాత పందిరి దాటింది. థోవా కొత్తిమీర దాటింది. ఆవిరి వెళ్ళి లుయెన్ మడి మీద ఆగి, సన్నగా రాలడం మొదలుపెట్టింది. మడి మధ్యలో జడ విప్పుకుని లుయెన్ నిలబడి ఉంది.

ముసలావిడ వంగి, ఆకు మీద చుక్క నాకి చూసింది.

"ఇదే. ఈ చప్పిడి నా నాలిక్కి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" తలెత్తి లుయెన్‌ని కింద నుంచి పై దాకా చూసింది. కోపం సగం దిగింది. "నువ్వా? ఎవరో అనుకున్నా. పోనీ బాగానే ఉన్నావు. గుడ్లు అమ్మి వచ్చిన ప్రతిసారీ ఆ గాడిద చెవులు ఎర్రగా ఎందుకుంటాయో ఇప్పుడు..."

అంతలో లుయెన్ మొహం చూసి ఆగిపోయింది. తుంపర పడుతూనే ఉంది. లుయెన్ మొహం మీద పడిన చుక్కల్లో ఏది చారో ఏది కాదో తెలియడం లేదు. ఆమె జుట్టు ముడేసుకుని, ఆవిడ పక్క నుంచి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

అరుగు మీద ఉన్న హియెప్ వాళ్ళమ్మ పక్కకి జరిగింది. "రా వదినా, కూర్చో. టీ తాగుదువు గాని."

"నేనేమైనా అనకూడని మాట అన్నానా వదినా?"

"లేదులే. ఎవరో ఒకళ్ళు అనాల్సిందే. నీ మోకాళ్ళెలా ఉన్నాయి?"

"మోకాళ్ళ సంగతి అడక్కు. మెట్లు దిగేటప్పుడు మరీనూ."

ఇద్దరు తల్లులూ టీ తాగుతూ మోకాళ్ళ గురించీ, తూటికూర ఎప్పుడు నాటాలో దాని గురించీ పొద్దుగూకేదాకా మాట్లాడుకున్నారు. లోపల, తాళ్ళ మీది బట్టల వెనక, లుయెన్ గోడకి తిరిగి పడుకుని ఆ మాటలే వింది. ఇద్దరూ బాంగ్ పేరు గానీ హియెప్ పేరు గానీ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే లుయెన్ సంతకి వెళ్ళి కొర్రమేను తెచ్చింది. బుట్టలోంచి తోక బయటికి కనిపిస్తోంది. మడిలో దిగి సోయకూర కోసింది. సందులో ఒక్కరూ "ఏంటి విశేషం" అనలేదు. థోవా బకెట్ పట్టుకుని వచ్చి, ఎవరూ చెప్పకుండానే తాళ్ళ మీది బట్టలన్నీ, తనవీ ఊళ్ళోవాళ్ళవీ, దులిపి మడిచి పట్టుకుపోయింది. ఐదేళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఖాళీగా కనిపించింది.

లుయెన్ చేప ముక్కల్ని నూనెలో ఎర్రగా వేయించింది. టమాటాలు మగ్గబెట్టింది. నీళ్ళు పోసింది. చేతులు ఏదీ మర్చిపోలేదు. చేపసాసు ఎంతో, పులుపు ఎంతో, ఆమె చూడక్కర్లేకుండానే అవే చూసుకున్నాయి. కళ్ళ ముందు హియెప్ ఉన్నాడు. ముక్కలు ఏరుకుని చారు వదిలేసేవాడు, అరిస్తే గిన్నె ఎత్తి గటగటా తాగి మూతి చూపించేవాడు. చివర్న మూత తీసి సోయకూర దూసి వేసింది.

ఆవిరి లేచింది. గిన్నె మీద ఒక్క క్షణం ఆగింది, గుమ్మం వైపు చూసినట్టే అనిపించింది.

ఆవిరి కదిలింది. నిలువునా పైకి లేచి, దూలం దాటి, పెంకుల సందులోంచి బయటికి వెళ్ళింది.

లుయెన్ పెరట్లోకి పరిగెత్తింది. ఇంటి కప్పు మీంచి ఆకాశంలోకి తెల్లటి కాడలా, ఎక్కడా వంకర లేకుండా, గాలికి కూడా ఊగకుండా పోతోంది. ఎంత చూసినా కొన కనబడలేదు. కంచెల అవతల సందు సందంతా వంగి కలుపు తీస్తోంది. ఒక్కరూ తలెత్తలేదు.

ఎంతసేపు నిలబడిందో. వెనక్కి తిరిగి చూస్తే, గుమ్మంలో నుంచి అత్తగారు కనిపించింది. ఆవిడ చాప పరిచి గిన్నెలు సర్దుతోంది. ఆవిడా పైకి చూడ్డం లేదు.

"అత్తయ్యా... మీరు చూడరా?"

"చూశానమ్మా."

"ఎప్పుడు?"

"మొదటి ఏడు. ఓ పొద్దున నువ్వు సంతకెళ్ళినప్పుడు ఇంత చారు పెట్టా. ఇలాగే పోయింది."

లుయెన్ గుమ్మం పట్టుకుంది. "మరి నాతో చెప్పలేదేం?"

హియెప్ వాళ్ళమ్మ చేతిలో గిన్నెని చొక్కా అంచుతో తుడిచింది. తుడిచిందే మళ్ళీ తుడిచింది.

"నువ్వు వాణ్ణి బతికించుకుంటున్నావు. నువ్వు బతికిస్తున్నన్నాళ్ళూ నేనూ కాస్త వాడితో ఉండొచ్చు కదా అనిపించింది. తర్వాత చూస్తే, నువ్వు కూడా ఆ పడవలోనే ఉండిపోతున్నావు. అప్పుడు నాకు భయమేసింది."

"ఇన్నేళ్ళూ ఆ టీ నీళ్ళు పోసుకుని తిన్నారు!"

"టీ కూడా బాగానే ఉంటుందే. మరీ చారంత కాదనుకో." ఆవిడ గిన్నె ముందుకి చాపింది. "చారు పొయ్యవే. చల్లారిపోతోంది."

లుయెన్ పోసింది. సగం చాప మీద పడింది. ముసలావిడ రెండు చేతులా గిన్నె ఎత్తి, కళ్ళు మూసుకుని, గుక్క గుక్కకీ ఆగి తాగింది. దించి, మూతి తుడుచుకుంది.

"సోయకూర ఇంకొంచెం పడాలి" అంది.

అప్పుడు ఏడ్చింది లుయెన్. ఐదేళ్ళ ఏడుపు. అత్తగారి ఒళ్ళో తల పెట్టుకుని, చిన్నపిల్లలా ఎక్కిళ్ళు పెడుతూ. ఆవిడ కోడలి వీపు నిమురుతూ, రెండో చేత్తో ఇంకో గిన్నె తనే పోసుకుంది.

పౌర్ణమినాడు హియెప్ పటం పెట్టారు. నవ్వుతున్న ఫోటో, పెళ్ళినాటిది. ఆ రోజు వసంతం మొత్తానికి ఒక్కసారి వచ్చే ఎండ కాసింది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. లుయెన్ తెల్లవారకముందే లేచి, పంది కాళ్ళు వేసి పెద్ద గిన్నెలో వెదురు కొమ్ముల చారు పెట్టింది. దాని ఆవిరి తద్దినపు చారు ఆవిరి పోవాల్సినట్టే నిలువునా పైకి పోయింది. ఆమె మూత పక్కన పెట్టి, అది కనుమరుగయ్యేదాకా చూసింది. కళ్ళు తడవలేదు.

పక్క పొయ్యి మీద చిన్న గిన్నెలో ఇంకో చారు పెట్టింది. మడిలోని ఆవకూర, దంచిన అల్లం. అత్తయ్యకి పళ్ళు లేవు, వెదురు కొమ్ములు నమలలేదు, ఆవిడ కోసమే పెట్టానని లుయెన్ ఇప్పటికీ అంటుంది. అత్తయ్య కోసమే అయితే ఇల్లు చెమర్చాలి. ఇల్లు చెమర్చలేదు. ఆ ఆవిరి గుమ్మంలోంచి మెల్లిగా బయటపడి, ఎవరి కంటా పడకూడదన్నట్టు నేల బారున, సొరపందిరి కింద నుంచి రేవు వైపు వెళ్ళింది. పందిరి దగ్గర నిలబడ్డ ఖాంగ్ తాత పాదాలు వెచ్చబడ్డాయి. ఆయన కిందకి చూశాడు, వెంటనే పైకి చూశాడు.

"తీగ చూశావా థోవా, ఎటు పాకాలో దానికే తెలుసు. మనం కట్టే తాళ్ళన్నీ మన తృప్తికే" అన్నాడు.

"ఎందుకు చూడలేదు బాబాయ్, తెల్లారినప్పటి నుంచీ అదే చూస్తున్నా" అంది థోవా, తీగ వైపు చూడకుండా.

చుట్టాలు వచ్చారు. సందులోవాళ్ళు వచ్చారు. అందరూ ఎండలో నడిచి, పొడిపొడిగా, విసురుకుంటూ వచ్చి చాపల మీద కూర్చున్నారు. చివర్న అవతలి గట్టు పడవ వచ్చింది. ముందు నల్ల గొడుగు మడిచి పట్టుకుని బాంగ్ వాళ్ళమ్మ దిగింది, ఎండకి మొహం చిట్లించుకుంటూ. ఆవిడ మీద ఒక్క చుక్క లేదు. వెనక రెండు బాతుల్ని చంకన పెట్టుకుని బాంగ్ వచ్చాడు.

నెత్తి నుంచి మడమల దాకా తడిసి ముద్దయ్యాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. జుట్టులోంచి నీళ్ళు కారి కనుబొమ్మల మీద ఆగుతున్నాయి. అల్లం వాసన అతనికన్నా ముందే గుమ్మంలోకి వచ్చింది. లోపల ఇంతమంది తననే చూస్తారని అనుకోలేదేమో, గడప అవతలే ఆగిపోయాడు.

చాప మీద మగవాళ్ళు కాస్త కాస్త జరిగి ఒక మనిషికి సరిపడా చోటు చేశారు. ఈ ఏడు వేసవి గట్టిగానే ఉండేటట్టుందని ఒకాయన అన్నాడు. అవునవునని ఇద్దరు ముగ్గురు తలూపారు.

లుయెన్ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడింది. ముందుకి రాలేదు, లోపలికీ పోలేదు.

హియెప్ వాళ్ళమ్మ కొడుకు పటం ముందు అగరొత్తులు గుచ్చుతోంది. మూడూ గుచ్చింది. వంగి దణ్ణం పెట్టింది. తర్వాత వెనక్కి తిరక్కుండానే, ఇంట్లో మనిషికి పని పురమాయించే గొంతుతో అంది.

"లుయెన్, అతనికి తువ్వాలు ఇవ్వు. గడప అవతల నిలబెట్టకు, జలుబు చేస్తుంది. లోపలికి రమ్మను."